ఆటలో అరటిపండు

సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ ఒక మూల పడేసి మీరు ఆటకు పరుగెత్తుతారు. ఆట మంచి పట్టులో ఉండగా మీ తమ్ముడో, చెల్లెలో, పక్కింటి బుడతడో వచ్చి "నేనూ ఆడతా" అని చొక్కా పట్టుకు లాగుతారు. వాళ్లకు ఇంకా నాలుగేళ్లు నిండవు. దాక్కోమంటే కిలకిలా నవ్వుతారు. దొరికిపోతే ఏడుస్తారు. పొమ్మంటే ఇంట్లోంచి అమ్మ కేక వినిపిస్తుంది: "వాణ్ణి కూడా ఆడించుకోండర్రా!" అప్పుడు మీరంతా మొహమొహాలు చూసుకొని, వాడికి వినపడకుండా ఒక తీర్మానం చేస్తారు: "సరే, వీడు అరటిపండు."

అరటిపండు అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. అరటిపండు అందరితో పాటు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. కాని వాణ్ణి ముట్టుకున్నా అవుటు కాడు, వాడు ముట్టుకున్నా ఎవరూ అవుటు కారు. పెద్దవాళ్ల నోట ఇది కాస్త చులకన మాట. లెక్కలోకి రాని మనిషిని "ఆటలో అరటిపండు" అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని బడికి పోని వయసు పిల్లలు నలుగురితో మెలగడం ఎలా నేర్చుకుంటారనే విషయం మీద శాస్త్రజ్ఞులు తొంభై ఏళ్లుగా చేసిన పరిశీలనలు చదివాక, ఈ అరటిపండు ఏర్పాటు మీద నాకు గౌరవం పెరిగింది. దానికి మా సెల్లారులో జరిగిన ఒక సంగతి కూడా కారణం.

స్తంభం దగ్గర కుర్రాడు

మేముండేది హైదరాబాదులో, బర్కత్‌పురలో. ఒకప్పుడు ఇక్కడ వాకిలీ, జామచెట్టూ ఉన్న ఇళ్లు చాలా ఉండేవి. వాటిలో ఎన్నో పోయి అపార్టుమెంట్లు లేచాయి. కాస్త దూరం నడిస్తే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు ఉంది గాని, రోడ్డు దాటాలి కాబట్టి చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపరు. అందువల్ల మా పిల్లలకు ఆటస్థలం సెల్లారే. కార్ల మధ్య, స్తంభాల చాటున, జనరేటరు పక్కన వాళ్ల రాజ్యం.

ఆ మధ్య రెండో అంతస్తులోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల కుర్రాడికి మూడున్నర ఏళ్లుంటాయి. సాయంత్రం నేను వాచ్‌మన్ స్టూలు మీద కూర్చొని పేపరు చదువుకునే అలవాటు ఉన్నవాణ్ణి గనక, వాణ్ణి మొదటి రోజు నుంచీ చూశాను. మొదటి రెండు రోజులు వాడు స్తంభానికి ఆనుకొని, ప్లాస్టిక్ బస్సును గుండెకు అదుముకొని ఊరికే చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజు స్తంభం వదిలాడు. పిల్లలు పంటలు వేసుకునే చోటికి రెండు గజాల దూరంలో చతికిలపడి బస్సు నడపడం మొదలుపెట్టాడు. నోరు హారను మోగిస్తూనే ఉంది, కళ్లు మాత్రం ఆట మీద ఉన్నాయి. నాలుగో రోజు వాళ్లు పరుగెత్తినప్పుడల్లా తనూ లేచి పరుగెత్తాడు, వాళ్లు ఆగితే ఆగాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఐదో రోజు వాళ్ల నానమ్మ మెట్ల మీద నుంచి, "వాణ్ణి గూడ జేర్చుకోండే" అన్నది. ఆటకు పెద్దయిన ఎనిమిదో తరగతి అమ్మాయి వెంటనే, "సరే నానమ్మా, అరటిపండు" అన్నది.

నానమ్మ సిఫారసుతో పని జరిగినట్టు కనిపిస్తుంది గదా! నిజానికి వాడు నాలుగు రోజులుగా తన పని తాను చాలా నేర్పుగా చేసుకొస్తున్నాడు. అదేమిటో తెలియాలంటే ఒకసారి అమెరికా వెళ్లి రావాలి.

ఒక్కొక్కరికి ఒక్క నిమిషం

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆమె పద్ధతికి యంత్రాలు అక్కర్లేదు. శిశువిహారంలో ఇష్టం వచ్చినట్టు ఆడుకుంటున్న పిల్లల్లో ఒకరిని ఎంచుకొని ఒక్క నిమిషం చూసేవారు. ఆ నిమిషంలో ఆ బిడ్డ ఏం చేసిందో రాసుకొని మరో బిడ్డ వైపు తిరిగేవారు. ఇలా అనేక రోజులు చూశాక, ఐదేళ్ల లోపు పిల్లలు ఆటస్థలంలో ఆరు రకాలుగా కనిపిస్తారని ఆమె తేల్చారు. ఒకటి, ఏ పనీ లేకుండా తిరగడం. రెండు, తనలో తాను ఒంటరిగా ఆడుకోవడం. మూడు, ఇతరుల ఆట చూస్తూ నిలబడడం. నాలుగు, పక్కపక్కనే కూర్చొని ఒకే రకమైన ఆట ఎవరికి వారే ఆడుకోవడం. దీన్ని సమాంతర క్రీడ అనవచ్చు. రైలు పట్టాల్లాగా రెండు ఆటలూ పక్కపక్కనే సాగుతాయి, కలవవు. ఐదు, బొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటూ మాట్లాడుకుంటూ ఆడడం. ఆరు, "నువ్వు డాక్టరు, నేను పేషెంటు" అని పనులు పంచుకొని కలిసికట్టుగా ఆడడం.

వయసు పెరిగేకొద్దీ చివరి రెండూ ఎక్కువవుతాయని పార్టెన్ చూపించారు. దాంతో చాలామంది ఈ ఆరింటినీ మెట్లనుకున్నారు. పై మెట్టు ఎక్కినవాడు మళ్లీ కిందికి దిగడనీ, ఒంటరిగా ఆడుకునే పిల్లవాడు వెనకబడ్డాడనీ భావించారు. అది పొరపాటు. తరవాతి పరిశోధనల్లో తేలిందేమంటే, ఐదేళ్ల పిల్లలు కూడా రోజులో చాలాసేపు ఒంటరిగా ఆడుకుంటారు. గూడు కట్టుకుంటూ, బొమ్మ గీసుకుంటూ లోకాన్ని మరచిపోయిన పిల్లవాడికి ఏ లోపమూ లేదు. మీరు మాత్రం ఒక్కరే కూర్చొని కథల పుస్తకం చదువుకోరా?

ఇక రైలు పట్టాల ఆట సంగతి. 1980లో రోజర్ బేక్‌మన్, జాన్ బ్రౌన్‌లీ అనే ఇద్దరు మూడేళ్ల పిల్లల్ని వీడియో తీసి, ఏ ఆట తరవాత ఏ ఆట వస్తుందో వరసగా లెక్కపెట్టారు. పక్కపక్కన ఆడుకుంటున్న పిల్లలు ఆ వెంటనే కలిసి ఆడడం తరచుగా కనిపించింది. అంటే అది మెట్టు కాదు, గుమ్మం! కలవాలనుకున్న పిల్లవాడు ముందు వెళ్లి పక్కన కూర్చుంటాడు. అవతలివాళ్లు ఉలిక్కిపడకుండా తన ఉనికికి అలవాటు పడనిస్తాడు. మూడో రోజు మావాడు బస్సు నడిపింది ఆ గుమ్మంలోనే!

దాదాపు అదే కాలంలో విలియం కోర్సారో అనే సామాజిక శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో ఒక శిశువిహారానికి వెళ్లేవాడు. పెద్దవాళ్లు సామాన్యంగా పిల్లల దగ్గరికి పోయి పేరేమిటి, ఏం చేస్తున్నావు అని ప్రశ్నలు గుప్పిస్తారు. ఆయన అలా చేయలేదు. పిల్లలు ఆడుకునే చోట నేల మీద కూర్చొని, వాళ్లంతట వాళ్లు పలకరించేదాకా నోరు మెదపలేదు. కొన్నాళ్లకు పిల్లలు ఆయనకు "బిగ్ బిల్" అని పేరు పెట్టి తమలో కలుపుకున్నారు. అక్కడ ఆయన గమనించిన ఒక విషయం మీకు పనికొస్తుంది. "నన్నూ ఆడించుకుంటారా?" అని తిన్నగా అడిగిన పిల్లలకు చాలాసార్లు "వద్దు" అనే జవాబు వచ్చేది. మాట్లాడకుండా చుట్టూ తిరిగి, జరుగుతున్న ఆటేమిటో కనిపెట్టి, దానికి సరిపోయే పని ఒకటి తానూ మొదలుపెట్టినవాడు లోపలికి వెళ్లిపోయేవాడు. వాళ్లు ఇసుకతో రొట్టెలు చేస్తుంటే తనూ ఒక రొట్టె చేసి పెట్టడం వంటిదన్నమాట.

వద్దనేవాళ్లు చెడ్డ పిల్లలా? కాదంటాడు కోర్సారో. చిన్నపిల్లల ఆట నీటి బుడగ లాంటిది. ఒకరు కొత్తగా వస్తే పగిలిపోతుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. కట్టుకున్నదాన్ని కాపాడుకోవడానికి వద్దంటారు.

అందువల్ల మీ తమ్ముణ్ణి రెక్క పట్టుకు లాక్కుపోయి "వీణ్ణి ఆడించుకోండి" అని దబాయించడం కన్నా, వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, వాళ్లు ఏం ఆడుతున్నారో చూడమని చెప్పడం మేలు. కొందరు పిల్లలకు ఈ చూడడం ఒక గంట పడుతుంది, కొందరికి వారం. బిడియస్తులైన పిల్లలు మీలోనూ ఉంటారు. వాళ్లనడగండి, చెబుతారు.

మీరే చూడండి

పార్టెన్ చేసిన పరిశీలన మీరూ చేయవచ్చు. నోటుపుస్తకంలో ఆరు గడులు గీసి, పైన చెప్పిన ఆరు రకాలకూ అంకెలు వేసుకోండి. మీ వీధిలోనో, దగ్గరి అంగన్‌వాడీలో టీచరమ్మ అనుమతి తీసుకొనో ఐదుగురు చిన్నపిల్లల్ని ఎంచుకోండి. పేర్లు రాయవద్దు, అంకెలు చాలు. ఒక్కొక్కరిని ఒక్క నిమిషం చూసి ఏ గడిలోకి వస్తారో గుర్తు పెట్టండి. వారం రోజులు ఇలా చేస్తే ఒక్కొక్కరికి ఏడేసి గుర్తులు వస్తాయి. మీ స్నేహితుణ్ణి కూడా అదే సమయంలో అదే పిల్లవాణ్ణి చూసి, మీతో మాట్లాడకుండా వేరే పుస్తకంలో రాయమనండి. తరవాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి రోజు మీ ఇద్దరికీ కుదరదు. "చూస్తూ నిలబడ్డాడు" అని మీరు రాసిన చోట అతను "ఏ పనీ లేదు" అని రాసి ఉంటాడు. ఎవరు ఒప్పు? ఆ వాదన పెట్టుకోండి. ఏ గుర్తును బట్టి ఏ గడి అనేది మాటల్లో తేల్చుకున్నాక మళ్లీ చూడండి, బాగా కుదురుతుంది. శాస్త్రజ్ఞులు కూడా ఇదే తగవు పడి, తేల్చుకున్నాకే లెక్కలు ప్రకటిస్తారు.

పెద్దవాడి పని

మళ్లీ సెల్లారులోకి వద్దాం. అరటిపండుగా చేరిన మావాడు ఏం నేర్చుకున్నాడు?

మొదట దాగుడుమూతలు. మా సెల్లారు పిల్లలు దాన్ని ఐస్‌పైస్ అంటారు. దొంగను "డెన్" అంటారు. మావాడు మొదటి రోజున గోడకు తిరిగి, రెండు చేతులతో కళ్లు మూసుకొని నిలబడ్డాడు. వాడి దృష్టిలో అదే దాక్కోవడం! పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నవ్వడానికి ఏముంది, ఈ వయసు పిల్లలందరూ అంతే. 2012లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జేమ్స్ రస్సెల్, ఆయన సహచరులు మూడు నాలుగేళ్ల పిల్లల కళ్లు మూసి "నువ్వు నాకు కనిపిస్తున్నావా?" అని అడిగితే ఎక్కువమంది "కనిపించను" అన్నారు. "మరి నీ తల కనిపిస్తోందా?" అంటే "కనిపిస్తోంది" అన్నారు! తల కనిపిస్తుందట గాని "నేను" కనిపించనట. కళ్లూ కళ్లూ కలిస్తేనే ఒకరినొకరు చూసుకున్నట్టు అని వాళ్ల లెక్క అయి ఉండాలని ఆ శాస్త్రజ్ఞుల ఊహ.

ఎదుటివాడు చూసేది వేరు, తను చూసేది వేరు; ఎదుటివాడికి తెలిసింది వేరు, తనకు తెలిసింది వేరు. ఈ సంగతి పుట్టుకతో రాదు. 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే ఇద్దరు ఆస్ట్రియాలో చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధమైంది. పిల్లలకు బొమ్మలతో ఒక కథ చూపించారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని తీసి వేరే అలమరలో పెడుతుంది. మాక్సీ తిరిగి వచ్చి చాక్లెట్ కోసం ఎక్కడ చూస్తాడు? మొదటి అలమరలో అని మీరు వెంటనే అంటారు. మూడు నాలుగేళ్ల మధ్య పిల్లలు దాదాపు అందరూ రెండో అలమర చూపించారు. చాక్లెట్ అక్కడుందని తమకు తెలుసు, కాబట్టి మాక్సీకీ తెలుసనుకున్నారు. నాలుగు దాటి ఐదు, ఆరు వచ్చేసరికి సరైన జవాబు చెప్పేవాళ్లు పెరుగుతారు. ఇంట్లో లడ్డూతోనూ, రెండు డబ్బాలతోనూ ఈ కథ ఆడించి చూడండి. తప్పు చెబితే నవ్వకండి, మళ్లీ ఆర్నెల్ల తరవాత అడగండి.

దాగుడుమూతల్లో ప్రతి పూటా జరిగేది ఇదే పాఠం. నేనెక్కడున్నానో డెన్‌కు తెలియకూడదు. నవ్వితే తెలుస్తుంది. చేరువలోనే ఉన్నా ఊపిరి బిగబట్టాలి. మొదటి వారం మావాడు డెన్ "ఎక్కడున్నవ్ రా?" అనగానే "ఇక్కడున్నా!" అని కేక పెట్టేవాడు. అరటిపండు కాబట్టి ఆట పాడుకాలేదు. లేకపోతే ఆ రోజే వెళ్లగొట్టేవాళ్లు.

రెండో పాఠం ఆగడం. ఎనిమిదో తరగతి అమ్మాయి దాగుడుమూతలు విసుగుపుడితే "స్టాచ్యూ" ఆడించేది. చిన్నపిల్లవాణ్ణి కదలకుండా నిలబడమంటే నిలబడతాడా? సోవియట్ యూనియన్‌లో మనుయిలెంకో అనే పరిశోధకురాలు దీన్ని కొలిచి 1948లో ప్రకటించారు. పిల్లల్ని ఊరికే నిలబడమన్నప్పుడు కాస్సేపట్లోనే మెదిలేవాళ్లు. "నువ్వు కాపలా సిపాయివి, ఇది ఫ్యాక్టరీ" అన్నప్పుడు నాలుగైదేళ్ల వాళ్లు అంతకన్నా చాలాసేపు నిలబడ్డారు. తోటి పిల్లలు చూస్తూ ఉంటే ఇంకా సేపు. కాళ్లు అవే, పిల్లలు వాళ్లే. మారింది ఆట ఒక్కటే. అంతకు పదిహేనేళ్ల ముందు, 1933లో, లేవ్ విగోత్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో ఇదే అన్నాడు. ఆటంటే ఇష్టం వచ్చినట్టు చేయడం కాదు. ఆటలో పిల్లవాడు తనకు తానే కట్టుబాటు పెట్టుకొని, దానికి లోబడడంలో ఆనందం పొందుతాడు. ఒంటరిగా చేయలేని పనిని తనకన్నా తెలిసినవాళ్ల తోడుతో చేయగలిగే ఆ అంచులోనే పిల్లవాడు ఎదుగుతాడని కూడా ఆయన వాదన. ఆ తోడు అమ్మో టీచరో కానక్కరలేదు, నాలుగేళ్లు పెద్దయిన పిల్లలైనా చాలు.

ఆపుకోలేకపోవడం వాళ్ల మొండితనం కాదని కూడా మనం గుర్తుంచుకోవాలి. తొందరను అదుపులో పెట్టే మెదడు భాగం మన నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై ఏళ్లు దాటాలి. మూడు నుంచి ఐదేళ్ల మధ్య దాని పనితనం చురుకుగా పెరుగుతుంది. మీ మెదడులోనూ ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. పరీక్షల ముందు రోజు క్రికెట్ చూస్తూ కూర్చుంటారే, అందుకే!

ఇదంతా జరగాలంటే పెద్దవాడు కొంత తగ్గాలి. తగ్గడం మనుషులకే తెలుసనుకోకండి. వీధి కుక్కపిల్లలు ఆడుకోవడం చూడండి. ముందు కాళ్లు నేలకు చాచి, వెనక భాగం పైకెత్తి ఒకటి రెండో దాన్ని ఆటకు పిలుస్తుంది. పెద్ద కుక్క చిన్నదానితో ఆడేటప్పుడు పూర్తి బలం వాడదు, మెత్తగా కరుస్తుంది, తనంతట తానే వెల్లకిలా పడుతుంది. లేకపోతే చిన్నది ఆటకు రాదు. మా వీధి చివర టీ బండి దగ్గర ఈ తమాషా ఉచితంగా చూడవచ్చు.

ఇరవై నాలుగు సెకన్లు

తగాదాల సంగతి చెప్పకపోతే మీరు నా మాట నమ్మరు. రెండో వారంలో మావాడి బస్సును మొదటి అంతస్తు పాప తీసుకుంది. వాడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె గీరింది. నేను స్టూలు మీద నుంచి లేచేలోగా, ఎనిమిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తి నన్ను ఆగమంది. అప్పటికే ఇద్దరూ విడిపోయారు. పాప "కటీఫ్" అంది. వాడికి ఆ మాట తెలియదు. బస్సు వెనక చక్రం ఊడి ఉంది. ఇద్దరూ కలిసి దాన్ని చూస్తూ కూర్చున్నారు.

హెలెన్ డా అనే పరిశోధకురాలు 1934లో ఇలాంటివి రెండు వందల తగాదాలను వర్ణించి ప్రకటించారు. తగాదా మొదలు కాగానే ఆమె గడియారం చూసుకునేవారు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల పోట్లాట సగటున ఎంతసేపు సాగిందో తెలుసా? దాదాపు 24 సెకన్లు! ఎక్కువ తగాదాలు వస్తువుల కోసం. ఎక్కువ తగాదాలను పిల్లలే తేల్చుకున్నారు. అయిపోయాక కక్ష పెట్టుకున్నవాళ్లు తక్కువ, నవ్వుతూ ఆటలో పడ్డవాళ్లు ఎక్కువ. అసలు గొడవ ముదిరేది తల్లులు దిగినప్పుడేమో అని నా అనుమానం. ఇది మాత్రం శాస్త్రం కాదు, సెల్లారు అనుభవం.

అలాగని రక్తం వచ్చేదాకా చూస్తూ కూర్చోమని కాదు. రాయి చేతికి తీసుకున్నవాణ్ణి, ఒకడినే పట్టి రోజూ ఏడిపించేవాణ్ణి ఆపాల్సిందే. మిగతావాటిలో ఇరవై నాలుగు అంకెలు మనసులో లెక్కపెట్టుకోండి. అప్పటికీ తేలకపోతే "ఎవడు మొదలుపెట్టాడు?" అని విచారణ చేయకుండా, "నీకు బస్సు కావాలి, ఆమెకూ కావాలి. ఎట్ల జేద్దాం?" అని అడగండి. ఆ అమ్మాయి అలాగే అడిగేది. కోపం వచ్చిందనీ, బాధేసిందనీ పిల్లవాడికి పేరు పెట్టి చెప్పడం కూడా ఆమె దగ్గరే చూశాను. "నీకు కోపమొచ్చింది గదా, నాక్కూడా వస్తది" అనేది. మాట దొరికిన కోపం చేతికి పాకడం తగ్గుతుంది.

ఆమెకు ఇవన్నీ ఎవరు నేర్పారు? బర్కత్‌పుర పక్కనే నారాయణగూడ ఉంది గదా, అక్కడి ఆంధ్ర బాలానంద సంఘం పేరు మీ తాతయ్యలకు తెలిసి ఉంటుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు దాన్ని 1940లో మద్రాసులో స్థాపించారు. 1945లో "బాల" అనే పత్రిక పెట్టారు. 1956లో హైదరాబాదు వచ్చి ఇక్కడ పని సాగించారు. రేడియోలో వాళ్లు నడిపిన పిల్లల కార్యక్రమం వినడానికి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్లు. కామేశ్వరి 1980లో, రాఘవరావు 1984లో కన్నుమూశారు. లోకం వాళ్లను పిలిచిన పేర్లు చూడండి: రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మాస్టారు అనలేదు, పంతులమ్మ అనలేదు. పిల్లలతో ఆడీ పాడీ నేర్పే మనిషికి తెలుగువాళ్లకు తోచిన పేరు అన్నయ్యే, అక్కయ్యే. ఆ అమ్మాయికి ఇంట్లో ఇద్దరు తమ్ముళ్లున్నారని తరవాత తెలిసింది.

"నేను అరటిపండు కాదు"

అరటిపండు ఏర్పాటులో ఒక చిక్కుంది. అది ఎప్పుడు ముగియాలో ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లకు అది సుఖంగా ఉంటుంది, వదిలెయ్యబుద్ధి కాదు. మా సెల్లారులో ఆ చిక్కు నాలుగో వారంలో వచ్చింది.

ఆ సాయంత్రం డెన్ వెతుకుతూ వచ్చి మావాణ్ణి చూశాడు. చూసి పక్కకు పోయాడు. మావాడు తూము గొట్టం వెనక చాలాసేపు నోరు మూసుకొని దాక్కొని ఉన్నాడు. నవ్వలేదు, పిలవలేదు. నెల కిందట చేతకాని పని అది. డెన్ తనను చూసి కూడా పేరు పిలవకపోయేసరికి బయటికి వచ్చి, "నన్ను పట్టుకో" అన్నాడు. "నువ్వు అరటిపండువి రా" అన్నాడు డెన్. అప్పుడు వాడి మొహం చూడాలి. కాలు నేలకేసి కొట్టి, "నేను అరటిపండు కాదు!" అని అరిచాడు. సెల్లారంతా మారుమోగింది.

ఎనిమిదో తరగతి అమ్మాయి "టైం ప్లీజ్" అంది. పంచాయితీ కూర్చుంది. మగపిల్లలిద్దరూ ఒప్పుకోలేదు. "డెన్ అయితే ఏడుస్తడు. ఆట ఖరాబైతది" అన్నారు. "ఏడిస్తె ఏడుస్తడు" అంది ఆమె. పంటలు వేసుకున్నారు. రెండు మూడు విడతల్లో ఒక్కొక్కరే తప్పుకోగా, మావాడే మిగిలాడు.

స్తంభానికి తిరిగి, మొదటి రోజు తను ఆనుకొని నిలబడ్డ ఆ స్తంభానికే తిరిగి, కళ్లు మూసుకొని పది దాకా లెక్కపెట్టాడు. ఏడు మరిచిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే సెల్లారులో ఒక్కరూ లేరు. కార్లు, స్కూటర్లు, ట్యూబులైటు వెలుగు. కింది పెదవి వణకడం నాకు స్టూలు దాకా కనిపించింది. బస్సు స్కూటరు సీటు మీద ఉంది. దాని వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

జనరేటరు పక్కన తెల్ల కారు వెనక చక్రం దగ్గర నీలం రంగు చెప్పు ఒకటి సగం బయటికి కనిపిస్తోంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఈ ఆటలో ఆరితేరింది, నెల రోజుల్లో ఆమె చెప్పు బయటికి కనిపించడం నేను చూడలేదు. అది పొరపాటున మిగిలిందో, కావాలని పెట్టిందో నేను అడగలేదు. వాడు మాత్రం చెప్పును చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, చప్పుడు కాకుండా, కారు చుట్టూ అటునుంచి నడవడం మొదలుపెట్టాడు.